దిండులో ఏం నింపాలి, ఎంత నింపాలి: బూరుగు దూది నుంచి ఫోమ్ దాకా

దిండు కొనేటప్పుడు అందరం చేసేది ఒకటే. అరచేత్తో నొక్కి చూస్తాం, మెత్తగా దిగితే బాగుందని బిల్లు కట్టించేస్తాం. ఆరు నెలలు తిరిగేసరికి అది అప్పడంలా అయిపోతుంది. మడత పెట్టి తలకింద పెట్టుకుంటే ఎత్తు, విప్పితే పల్లం. పొద్దున్నే మెడ పట్టేసి లేస్తాం. లోపల ఏముందో, ఎంతుందో చూడకుండా కొన్నందుకే ఇదంతా. అందుకే కుట్టేసిన దిండు కంటే సరుకు విడిగా కొని, తూకం వేసి, కళ్లముందు నింపించుకోవడమో ఇంట్లోనే నింపుకోవడమో మేలంటాను. పెద్ద పనేమీ కాదు, ఒక మధ్యాహ్నం చాలు.

ముందు మనిషిని కొలవండి

దిండు ఎత్తు పడుకునే తీరును బట్టి ఉండాలి. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే గోడకు పక్కగా నిలబడి, భుజం గోడకు ఆనించండి. తల నిటారుగా ఉంచండి. చెవి దగ్గర తలకూ గోడకూ మధ్య ఎంత జాగా ఉందో ఇంకొకరిచేత స్కేలుతో కొలిపించుకోండి. చాలామందికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు వస్తుంది. తల బరువుకు అణిగిన తర్వాత దిండు అంత ఎత్తు ఉండాలి. అణగకముందు ఎంత ఉబ్బుగా ఉందన్నది లెక్కలోకి రాదు. పరుపు మరీ మెత్తదైతే భుజం అందులోకి దిగిపోతుంది కాబట్టి ఒక అంగుళం తగ్గించుకోవచ్చు.

వెల్లకిలా పడుకునేవాళ్లకు ఇంతకంటే తక్కువ చాలు. బోర్లా పడుకునేవాళ్లకు పల్చటిది ఉండాలి, అసలు లేకపోయినా నష్టం లేదు. ఇంట్లో నలుగురుంటే నాలుగు దిండ్లూ ఒకే ఎత్తున కుట్టించడం మనకు అలవాటు. చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఎవరి మెడ వాళ్లది.

ఏడాది లోపు పసిబిడ్డకు దిండే వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. తల గుండ్రంగా వస్తుందని పెట్టే ఆవాల దిండుకూ ఇదే మాట వర్తిస్తుంది. మెత్తటిది ఏదైనా ముక్కుకు అడ్డం పడితే బిడ్డ తనంతట తాను తప్పించుకోలేదు.

బూరుగు దూది

తలకింద పెట్టుకునే దిండుకు నా ఓటు దీనికే. బూరుగుపూడి, బూరుగుపల్లి లాంటి ఊరిపేర్లు ఎన్నున్నాయో గుర్తు చేసుకోండి. మన నేలకు అంత దగ్గరి చెట్టు. ఎర్రటి పెద్ద పూలు పూసే ముళ్ల బూరుగు ఒకటి, తెల్ల బూరుగు ఇంకొకటి. రెంటి కాయల్లోనూ దూది ఉంటుంది. ఎండాకాలంలో కాయలు పండి పగులుతాయి. కొత్త సరుకు కొనాలంటే అదే అదను.

బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది. బోలులో గాలి ఉంటుంది కాబట్టి తేలిక. పైన మైనంలాంటి పూత ఉంటుంది కాబట్టి నీరు తొందరగా పట్టదు. నీటిలో తేలే గుణం వల్లే ఒకప్పుడు ఓడల్లో వాడే లైఫ్ జాకెట్లలో ఈ దూదినే నింపేవారు. మనకు కావలసింది వేరే. చెమట పీల్చుకుని బరువెక్కకపోవడం, ఎండలో పెడితే మళ్లీ పొంగడం. ఈ రెండూ దీనికి బాగా తెలుసు.

లోపాలూ ఉన్నాయి. కొత్తలో కొండలా ఉన్న దిండు నెల తిరిగేసరికి కొంత అణుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పోగులు విరిగి పొడి అవుతాయి. ఉతకడానికి పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, నిప్పంటే చాలా భయపడాల్సిన సరుకు. మంచం కింద దోమల కాయిల్ వెలిగించే ఇళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

కల్తీ చూడటం చాలా తేలిక. చిటికెడు దూది తీసుకుని దీపం వత్తి చేసినట్టు వేళ్ల మధ్య నలపండి. పత్తి అయితే చక్కగా పురి తిరిగి వత్తి అవుతుంది. బూరుగు జారిపోతుంది, ఎంత నలిపినా పురి నిలవదు. దానితో నూలు వడకడం కష్టమైంది అందుకే. రంగులోనూ తేడా ఉంటుంది. పత్తి మెరుపు లేని తెలుపు, బూరుగు పట్టులా మెరిసే లేత గోధుమ తెలుపు. ఫైబర్, అంటే పాలిస్టర్ కలిపారని అనుమానం వస్తే చిన్న పింజను పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల చూపించండి. పత్తి, బూరుగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదవుతాయి. ఫైబర్ కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది, ప్లాస్టిక్ వాసన వస్తుంది. చిటికెడంటే చిటికెడే, పక్కన సంచి ఉండకూడదు.

ఇక గింజలు. ఒకసారి సంతలో మూడు కిలోలు కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే అరకిలోకు పైగా మిరియాలంత గింజలే. గింజలో నూనె ఉంటుంది. పురుగుకూ ఎలుకకూ అది పండగ. తలకింద గరగర వేరే. కాబట్టి కొనేటప్పుడు చెయ్యి పైపైన పెట్టకుండా సంచి అడుగు దాకా పోనిచ్చి గుప్పెడు తీయండి. గింజలు బరువుకు అడుగునే చేరతాయి.

పత్తి దూది

పత్తి పరుపుకు రాజు. దిండుకు మాత్రం మంత్రి అని కూడా అనను. తేమ పీల్చుకుంటుంది, బరువెక్కుతుంది, రెండు మూడేళ్లలో ఉండలు కడుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి చోట్ల ఎక్కువ కాలం నిలుస్తుంది. గట్టి దిండు, ఒకే ఎత్తున కదలకుండా ఉండేది కావాలనుకునేవాళ్లకు పత్తే సరైనది. మా ఇంట్లో పెద్దవాళ్లు మెత్తటి దిండు ఇస్తే తోసేసేవారు.

పత్తికి ఉన్న గొప్ప సుగుణం, దాన్ని మళ్లీ ఏకించవచ్చు. ఒకప్పుడు దూదేకేవాళ్లు పెద్ద విల్లు భుజాన వేసుకుని, నారి మోగించుకుంటూ వీధిలోకి వచ్చేవారు. విల్లును దూది మీద ఆనించి, చెక్కతో నారిని కొడుతుంటే ఉండలన్నీ విడిపోయి దూది మబ్బులా లేచేది. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్య పేరు ముందున్న 'దూదేకుల' అన్న మాట ఈ వృత్తిదే. ఇప్పుడు పరుపుల షాపుల్లో మిషన్ ఏకుతుంది. మిషన్ వేగానికి పోగులు కొన్ని తెగుతాయి, దుమ్ము రూపంలో కొంత బరువు పోతుంది. పాత దూది ఇచ్చేటప్పుడు ఒకసారి, తిరిగి తీసుకునేటప్పుడు ఇంకోసారి తూకం వేయించండి. కొంత తగ్గడం మామూలే. మరీ ఎక్కువ తగ్గితే అడగండి.

కొత్త పత్తి కొనేచోట జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చిన మంచి దూదికీ, స్పిన్నింగ్ మిల్లు వ్యర్థానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. పింజను రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. పోగు అంగుళం దాకా సాగి విడిపోతే మంచిది. లాగగానే పొడిపొడిగా రాలితే అది వ్యర్థం. పోగులు విడదీయడమే దూది పనిలో అసలు నేర్పు. పొందూరు ఖద్దరు నేసేవాళ్లు ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారంటే ఊహించుకోండి. దిండుకు మనం అంత కష్టపడక్కర్లేదు, చేత్తో విప్పితే చాలు.

ఫైబర్, ఫోమ్, మిగతావి

ఫైబర్ అంటే పాలిస్టర్. ఉతుక్కోవచ్చు, చవక, దుమ్ము తక్కువ. జలుబు, ఆయాసం ఉన్నవాళ్ల ఇళ్లలో దీనికే మొగ్గు చూపడం మంచిది, నెలకోసారి ఉతికి ఆరేయగలం కాబట్టి. షాపులో 'కాంజుగేటెడ్' అని అడగండి. పోగు బోలుగా, స్ప్రింగులా మెలి తిరిగి ఉంటుంది, నొక్కితే లేస్తుంది. దూది చుట్టల్లా ఉండే బాల్ ఫైబర్ ఇంకా నయం, ఉండలు కట్టదు. పాత ప్లాస్టిక్ సీసాలు కరిగించి చేసినదీ దొరుకుతుంది. అది చెడ్డదేమీ కాదు గానీ, బనీను గుడ్డ కటింగ్ ముక్కలు కలిపి 'ఫైబర్' అని అమ్మేది మాత్రం వద్దు. పాలిస్టర్ చెమట పీల్చదు. ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే నెలల్లో మెడ కింద తడితడిగా ఉంటుందని ముందే తెలుసుకోండి.

మెమరీ ఫోమ్‌ను 1960లలో అమెరికాలో నాసా కోసం విమాన సీట్ల పనిమీద తయారు చేశారు. వేడికి మెత్తబడి, చలికి గట్టిపడే గుణం దానిది. మన ఎండల్లో తల దానిలో కూరుకుపోయి వేడిగా అనిపిస్తుంది. మెడ నొప్పికి డాక్టరు చెబితే సరే, ముచ్చటకైతే డబ్బు దండగ. లేటెక్స్ రబ్బరు పాలతో చేసేది, చాలా ఏళ్లు నిలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. రబ్బరు పడనివాళ్లు దాని జోలికి వెళ్లవద్దు. కొబ్బరి పీచు పరుపు అడుగుకు, దివాను మీద వేసే గట్టి గుండ్రటి బాలీసులకు బాగుంటుంది. తలకు వద్దు, గుచ్చుకుంటుంది.

సంచి కుట్టడం

బూరుగు పోగు చాలా సన్నం. మామూలు కాటన్ గుడ్డలోంచి బయటికొచ్చి చీరకూ చొక్కాకూ అంటుకుంటుంది. చారల పరుపు గుడ్డ గానీ, దట్టమైన డ్రిల్లు గానీ తీసుకోండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నేత సందుల్లోంచి చుక్కలు కనపడకూడదు. గుడ్డను ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించండి, లేకపోతే తర్వాత కుంచించుకుపోతుంది.

బజారులో గలీబులు ఎక్కువగా 17×27 అంగుళాలకు దొరుకుతాయి. ఆ దిండుకు 19×29 అంగుళాల ముక్కలు రెండు కత్తిరించి, అర అంగుళం వదిలి కుడితే 18×28 సంచి వస్తుంది. నింపాక ఉబ్బి పొడవు, వెడల్పు తగ్గి గలీబుకు సరిపోతుంది. అంచులు రెండు వరసలు కుట్టండి. పొట్టి వైపు ఒకచోట ఎనిమిది అంగుళాలు వదిలేయండి. చెయ్యి, చేతిలో గుప్పెడు దూది దూరాలి మరి. జిప్పు ఫైబర్‌కు పర్వాలేదు, బూరుగుకు వద్దు. జిప్పు పళ్లలోంచి పోగు కారుతూనే ఉంటుంది.

నింపడం

మొదటిసారి నింపిన రోజు ఉక్కపోస్తోందని ఫ్యాను ఒకటో నంబరులో పెట్టాను. ఒకటే కదా అనుకున్నాను. పది నిమిషాల్లో గోడమీది క్యాలెండరుకు, దేవుడి పటాలకు, సగం తాగిన కాఫీకి బూరుగు పట్టింది. వారం రోజులు ఊడ్చాం. ఆ తర్వాత కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, మంచానికి దోమతెర కట్టి దాని లోపల కూర్చుని నింపడం. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ముక్కుకు మాస్కు, తలకు గుడ్డ కట్టుకోండి. పొద్దున్నే పెట్టుకుంటే ఉక్క తక్కువ.

గింజలుంటే ముందు వాటిని తీయాలి. మూతున్న పెద్ద డబ్బాలో సగానికి దూది వేసి, మూతకు చిల్లి చేసి, కవ్వం పెట్టి చిలకండి. కవ్వం లేకపోతే చివర చీలిన కర్ర చాలు. దూది పైకి లేస్తుంది, గింజ అడుగుకు దిగుతుంది. ఐదు నిమిషాలు చిలికి, పైది చేత్తో తీసుకోండి.

ఇక తూకం. 17×27 దిండుకు నేను వాడే లెక్క ఇది. బూరుగు అయితే కిలో, పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు కిలోంబావు. ఫైబర్ అయితే 700 నుంచి 900 గ్రాములు. పత్తి అయితే కిలోన్నర, గట్టిగా కావాలంటే ఇంకో పావుకిలో. సంచిని తక్కెడలో పెట్టి ఖాళీ బరువు ముందే రాసుకోండి. దూది ఎంత పొంగి ఉందన్నదాన్ని బట్టి కంటికి లెక్క తప్పుతుంది, తక్కెడకు తప్పదు.

సంచిని తిరగేసి మూలలు పుల్లతో బయటికి తోయండి. మొదటి గుప్పెళ్లు ఎదుటి మూలలకే. మూలలు బోసిగా ఉంటే ఎంత నింపినా దిండు సంచిలాగే ఉంటుంది. ఆ తర్వాత అంచుల వెంట, చివరికి నడుమ. ప్రతి గుప్పెడునూ వేళ్లతో విప్పి, మబ్బులా చేసి పెట్టండి. ఉండలా తోసేస్తే అది ఎప్పటికీ ఉండే. మూడొంతులు నిండాక ఆపి, దిండును నేలమీద పెట్టి రెండు చేతులతో తట్టి, తల పెట్టి చూడండి. గోడ దగ్గర కొలిచిన ఎత్తు వచ్చిందా? రాకపోతే ఇంకాస్త. బూరుగు అణుగుతుంది కాబట్టి కావలసినదానికంటే కొంచెం ఎక్కువ ఎత్తుగా నింపి, ఒక గుప్పెడు డబ్బాలో దాచి ఉంచండి.

సోఫా కుషన్లకు

కూర్చునే చోట దూది నిలవదు, ఫోమే కావాలి. షాపతను '32 డెన్సిటీ', '40 డెన్సిటీ' అంటాడు. అంటే ఘనపు మీటరుకు అన్ని కిలోల బరువు. చాలామంది దీన్ని గట్టితనం అనుకుంటారు. గట్టితనం వేరు, డెన్సిటీ వేరు. మెత్తగా ఉండి డెన్సిటీ ఎక్కువున్నవీ ఉంటాయి, అవే ఎక్కువ ఏళ్లు వస్తాయి. రోజూ కూర్చునే సీటుకు 32కు తగ్గవద్దు, హాల్లో అందరూ కూర్చునే మూడు సీట్ల సోఫాకు 40 మంచిది.

చెప్పింది నిజమో కాదో తేల్చడానికి తక్కెడే సాక్షి. ముక్క పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించండి. దాన్ని డెన్సిటీతో గుణించి 61,000తో భాగిస్తే ఉండాల్సిన బరువు కిలోల్లో వస్తుంది. 22×22 సీటు, నాలుగంగుళాల మందం, 32 డెన్సిటీ అయితే కాస్త అటూ ఇటూగా ఒక కిలో తూగాలి. 40 అయితే కిలోంబావు. ముప్పావు కిలోనే తూగితే అది 24 డెన్సిటీ సరుకు. ఫోన్‌లో లెక్క వేసి చూపిస్తే షాపతను వాదించడు, లోపలికెళ్లి ఇంకో షీటు తెస్తాడు. ఇది నాకు రెండుసార్లు జరిగింది.

ఫోమ్‌ను కవరు కంటే అర అంగుళం పెద్దగా కోయించండి. పైన అర అంగుళం ఫైబర్ షీటు చుడితే అంచులు గుండ్రంగా వచ్చి, కవరు ముడతలు పడదు. ఫోమ్ కవరులోకి దూరక ఇబ్బంది పెడితే ముందు పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి తోయండి. జారుకుంటూ వెళ్తుంది, మూలలు సర్దాక సంచిని లాగేయండి.

అలంకారానికి పెట్టే చిన్న కుషన్లకు ఒకటే సూత్రం. కవరు 16×16 అయితే లోపలి సంచి 18×18 కుట్టి, అరకిలో దాకా ఫైబర్ పెట్టండి. సమానంగా కుడితే నాలుగు మూలలూ కుక్క చెవుల్లా వేలాడతాయి. బీన్ బ్యాగ్‌లో థర్మోకోల్ పూసలు నింపే పని ఉంటే బాత్‌రూమ్‌లో తలుపేసుకుని చేయండి. ఎందుకో మొదటి పూస ఎగరగానే తెలుస్తుంది.

తర్వాత చూసుకోవడం

బూరుగు, పత్తి దిండ్లను నెలకోసారి ఎండలో వేయండి. రెండు గంటలు ఒకవైపు, రెండు గంటలు ఇంకోవైపు. మధ్యలో కర్రతో మెల్లగా తట్టండి, బాదవద్దు, పోగు విరుగుతుంది. వానాకాలంలో ఎండ కాసిన రోజును వదులుకోవద్దు. ఫోమ్, లేటెక్స్ మాత్రం ఎండకు పాడైపోతాయి. వాటిని నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టండి. ఫోమ్ పసుపు రంగుకు మారిందని కంగారు పడకండి, వెలుతురుకు అది మామూలే. వేలితో గీస్తే పొడి రాలుతుంటే అప్పుడు మార్చాలి.

ఫైబర్ దిండును మిషన్‌లో వేస్తే రెండేసి వేయండి, ఒక్కటే వేస్తే డ్రమ్ము ఒకవైపు లాగుతుంది. బయట ఆరినట్టు అనిపించినా లోపల తడి ఉంటుంది, రెండో రోజు కూడా ఎండలో ఉంచండి. పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే సగానికి మడిచి వదలండి. తిరిగి విచ్చుకుంటే ఉంచండి, మడిచినట్టే పడుంటే పారేయండి. ఈ పరీక్ష దూది దిండుకు చెల్లదు.

పిల్లలు దూది దిండు తడిపితే మొత్తం నీళ్లలో ముంచకండి. కుట్టు విప్పి, తడిసిన ముద్ద వరకే తీసి పారేసి, సంచి ఉతికి ఆరేసి, దాచిన గుప్పెడు కలిపి నింపండి. అందుకే నింపే నోటిని చివర్లో మిషన్‌పై కుట్టించవద్దు. రెండు పేటల ఎర్రదారంతో చేత్తో కుట్టండి. ఏడాది తర్వాత దిండు పల్చబడినప్పుడు ఏ కుట్టు విప్పాలో వెతుక్కోనక్కర్లేదు.